కింది చెయ్యి

మా ఇంట్లో థాంక్స్‌గివింగ్ రోజు భోజనాలకి కూర్చోగానే ఒక తంతు ఉంటుంది. పిల్లలు చిన్నప్పుడు బడిలో నేర్చుకుని ఇంటికి తెచ్చారు. అన్నం ముట్టుకునే ముందు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ ఈ ఏడాది తాము దేనికి కృతజ్ఞులో చెప్పాలి. మావారు ఉద్యోగం నిలబడినందుకు చెప్తారు. అబ్బాయి ఏదో ఒకటి అని అందర్నీ నవ్విస్తాడు. చివరికి అంతా కలిసి "అమ్మ వంటకి" అంటారు. సరిగ్గా ఆ సమయానికి నేను వంటింట్లో ఉంటాను, ఓవెన్లోంచి ఏదో తీస్తూనో, అప్పడాలు వేయిస్తూనో. అక్కణ్ణించే "సరే సరే, తినండి, చల్లారిపోతాయి" అని కేకేస్తాను. ఇరవయ్యేళ్ళుగా ఇదే వరస.

మా అత్తగారు మొదటిసారి ఈ తంతు చూసి, "తల్లికి థాంక్సేమిటర్రా, పరాయిదానికి చెప్పినట్టు!" అన్నారు. ఆ మాట నాకు అప్పట్లో తెగ నచ్చింది. నిజమే కదా, తెలుగులో ఇంట్లోవాళ్ళకి చెప్పుకునే థాంక్స్ లేదు. ధన్యవాదాలు సభల్లో చెప్తాం, కృతజ్ఞతలు పుస్తకం మొదటి పేజీలో రాస్తాం. ఇంట్లో "కాస్త మజ్జిగ పొయ్యి" అంటామేగాని పోసినందుకు ఏమీ అనం. అయినవాళ్ళ మధ్య లెక్కలుండవని, అదే మా గొప్పతనమని అమెరికన్ స్నేహితులకి చాలాకాలం చెప్పుకున్నాను. తర్వాత్తర్వాత అనుమానం మొదలైంది. లెక్కలు లేకపోవడం వల్ల లాభం ఎవరికి? లెక్క రాయకపోతే బాకీ లేనట్టే కదా. థాంక్స్ చెప్పని మా అమ్మ ఇంట్లోనూ, థాంక్స్ చెప్పే నా ఇంట్లోనూ పొయ్యి దగ్గర నిలబడ్డది ఒక్క మనిషే. ఒకచోట మాట కూడా దక్కలేదు. ఇంకోచోట మాటతో సరిపెట్టారు.

థాంక్స్ అనే మాట ఏం చేస్తుంది? బాకీని ఒప్పుకుంటుందా, కొట్టేస్తుందా? 2025 నవంబరులో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను ఈ ప్రశ్న దగ్గర నిలబెట్టింది. అది చెప్పాలంటే ఇరవై మూడేళ్ళుగా ఎవరికీ చెప్పని మరో సంగతి కూడా చెప్పాలి.

*

మా ఊరు బోస్టన్‌కి పడమరగా గంట ప్రయాణం. ఊళ్ళో ఒక చర్చి బేస్‌మెంట్‌లో ఫుడ్ పాంట్రీ ఉంది. అవసరమున్నవాళ్ళు వారానికోసారి వచ్చి తిండి సరుకులు పట్టుకెళ్తారు. తొమ్మిదేళ్ళుగా శనివారాలు నేనక్కడ పనిచేస్తున్నాను. నవంబరు వస్తే పని రెట్టింపవుతుంది. బళ్ళు, ఆఫీసులు, మా తెలుగువాళ్ళ సంఘం అంతా డబ్బాలు పెట్టి సరుకులు పోగుచేసి పంపిస్తారు. ఏడాదంతా గుర్తురాని ఆకలి ఈ ఒక్క నెలా అందరికీ గుర్తొస్తుంది. దాన్నీ తప్పుపట్టను. గుర్తొచ్చినప్పుడైనా వస్తున్నారు.

2025 నవంబరు మాత్రం మామూలు నవంబరు కాదు. అక్టోబరు 1న మూతపడ్డ కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు నవంబరు 12 దాకా తెరుచుకోలేదు. పేదవాళ్ళకి తిండి ఖర్చుకి నెలనెలా కార్డులో పడే డబ్బు నవంబరు 1న పడలేదు. స్నాప్ అంటారు దాన్ని. పాతవాళ్ళు ఇప్పటికీ ఫుడ్ స్టాంపులే అంటారు. దేశంలో దాదాపు 4 కోట్ల 20 లక్షల మంది, అంటే ఎనిమిది మందిలో ఒకరు, ఆ కార్డుమీద బతుకుతున్నవాళ్ళే. కోర్టుల్లో వాదనలు నడిచాయి, కొన్నిచోట్ల డబ్బు ముందొచ్చింది, కొన్నిచోట్ల తర్వాతొచ్చింది. ఆకలికి వాయిదాలుండవు. మా పాంట్రీ ముందు వరస చర్చి మెట్లు దిగి, పార్కింగ్ స్థలం దాటి, రోడ్డు మలుపు తిరిగింది.

ఆ వరసలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఇది నా కంటికి అనిపించిన విషయం మాత్రమే కాదు. అమెరికా వ్యవసాయశాఖ 2023 లెక్కల్లో, దేశంలో దాదాపు ఏడిళ్ళకి ఒక ఇంట్లో తిండికి భరోసా లేదు. ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న తల్లుల ఇళ్ళు తీసుకుంటే అది మూడో వంతుకి పైగా ఉంది. ఏటేటా ఆ లెక్కలు తీసే నివేదికనే ఇక ఆపేస్తామని 2025 సెప్టెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. లెక్క రాయకపోతే బాకీ లేనట్టే అని ఇందాక వంటింటి గురించి అన్నాను. ఆ సూత్రం వంటింటి దగ్గర ఆగదు.

పండగకి ముందు శనివారం నేను బియ్యం, పప్పుల బల్ల దగ్గర ఉన్నాను. ఒకమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. చెవులమీదికి లాక్కున్న ఉన్ని టోపీ, తోపుడుబండిలో ఏడాది పాప. "రైస్ ఉందా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఇచ్చాను. ఎర్ర కందిపప్పు పొట్లం చూసి అదీ తీసుకుంది. పాప చెయ్యి చాపి బల్లమీద డబ్బా లాగబోయింది. "వద్దమ్మా, పడిపోతుంది" అంది ఆ అమ్మాయి, చాలా మెల్లగా, తెలుగులో.

నేను తలెత్తాను. ఆమె కూడా ఎత్తింది. ఆమె చూపు నా జాకెట్‌కి తగిలించిన పేరు చీటీమీద పడింది. పేరు చదివితే చాలు, మాది ఎక్కడో తెలిసిపోతుంది. ఒక్క క్షణంలో ఆమె మొహం మూసుకుపోయింది. ఆ తర్వాత పాపతో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడింది. "ఏ ఊరమ్మా మీది?" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. పలకరిస్తే కుదురుగా ఉండేదా, పలకరించకపోవడమే మర్యాదా? నాకు ఇప్పటికీ తేలలేదు.

గుమ్మం దగ్గర గోడమీద మా "కృతజ్ఞతా వృక్షం" ఉంది. రంగు కాగితాలతో చెట్టు, బడిపిల్లలు కత్తిరించిన ఆకులు. సరుకులు తీసుకున్నవాళ్ళు ఒక ఆకుమీద ఒక మాట రాసి అంటించాలి. దాని ఫొటో తీసి దాతలకి పంపిస్తాం. రెండేళ్ళ కిందట ఆ చెట్టు పెట్టించింది నేనే. మా వాలంటీర్లలో పెద్దావిడ ఒకామె, ఎంతో మంచి మనిషి, నవ్వుతూ ఆ అమ్మాయికి ఆకూ పెన్నూ అందించింది. ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో బండి పట్టుకున్న అమ్మాయి సంచిని కింద పెట్టి, గోడకి ఆకు ఆనించి "థాంక్యూ" అని రాసింది. పేరు రాయలేదు. తనే అంటించి వెళ్ళిపోయింది.

ఆ వంగిన వీపు నాకు తెలుసు. అది నాదే.

*

2000లో పెళ్ళయి ఈ దేశం వచ్చాను. మావారిది హెచ్-1బి వీసా, నాది దానిమీద ఆధారపడ్డ హెచ్-4. ఆ వీసామీద వచ్చిన భార్యలు ఉద్యోగం చెయ్యకూడదు. వాళ్ళలో కొందరికి ఆ అనుమతి 2015లో గాని రాలేదు. ఎం.ఎస్సీ. చదివిన నేను అపార్ట్‌మెంట్ కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునేదాన్ని. 2001లో మా అమ్మాయి పుట్టింది. అప్పటికే డాట్‌కామ్ కంపెనీలు కూలిపోతున్నాయి. మావారి ప్రాజెక్టు పోయింది. ఆయన్ని తీసుకొచ్చిన కన్సల్టెన్సీ "బెంచి మీద ఉండు, ఇంకోటి చూస్తాం" అంది. బెంచి అంటే జీతం లేదని అర్థం. ఇండియా నుంచి వచ్చేటప్పుడు చేసిన అప్పు, అద్దె, పాపకి పాలు. 2002లో నాలుగు నెలలు అలా గడిచాయి.

పక్క అపార్ట్‌మెంట్లో ఉండే బ్రెజిల్ ఆమె నన్ను ఒక చర్చి పాంట్రీకి తీసుకెళ్ళింది. మావారు కారు రెండు వీధుల అవతల ఆపి అందులోనే కూర్చునేవారు. నేను పాపనెత్తుకుని వెళ్ళేదాన్ని. అక్కడి ఆడవాళ్ళు మంచివాళ్ళే. "పాప ఎంత ముద్దుగా ఉందో! ఏ దేశం మీది? మీ ఆయనేం చేస్తాడు?" అని ప్రేమగానే అడిగేవాళ్ళు. పాలడబ్బా ఇస్తే థాంక్యూ, బ్రెడ్డు ఇస్తే థాంక్యూ, తలుపు తెరిచి పట్టుకుంటే థాంక్యూ. మొదటిరోజు ఇంటికొచ్చి ఎన్నిసార్లు థాంక్యూ అన్నానో లెక్కపెట్టుకున్నాను. పదకొండు. పుట్టినప్పటినుంచి అప్పటిదాకా అన్నిసార్లు ఎవరికీ చెప్పి ఉండను.

తెలుగువాళ్ళెవరన్నా ఇంటికొస్తున్నారంటే ముందుగా డబ్బాలమీద పాంట్రీ అంటించిన చీటీలు గోటితో గీకేసేదాన్ని. గ్రీన్‌కార్డుకి అడ్డొస్తుందేమోనని ఒక భయం. అంతకన్నా పెద్ద భయం, ఊళ్ళో తెలుగువాళ్ళకి తెలుస్తుందని. "ఎవరికీ చెప్పొద్దు" అన్నారు మావారు. చెప్పలేదు. ఉద్యోగం వచ్చింది, ఇల్లు కొన్నాం, అబ్బాయి పుట్టాడు. థాంక్స్‌గివింగ్‌కి పాతికమందిని పిలిచి భోజనాలు పెట్టాం. ఆ నాలుగు నెలలూ మా సంసారంలో లేనట్టే అయిపోయాయి.

పాంట్రీలో పనికి కుదిరినప్పుడు రుణం తీర్చుకుంటున్నాననే అనుకున్నాను. ఆ శనివారం గోడమీద ఆకు చూశాక వేరే అనుమానం పట్టుకుంది. ఆ రోజు నేనిచ్చిన పదకొండు థాంక్యూలూ ఈ చెట్టు పెట్టి వసూలు చేసుకుంటున్నానా?

*

పోతన భాగవతంలో బలి చక్రవర్తికి ఒక ఆనందం కలుగుతుంది. సాక్షాత్తూ విష్ణుమూర్తి చెయ్యి కింద, నా చెయ్యి పైన, ఇంతకన్నా ఏం కావాలి అనుకుంటాడు. రాజ్యం పోయినా ఫరవాలేదంటాడు. చిన్నప్పుడు ఆ ఘట్టం విని దానం గొప్పతనం అనుకున్నాను. ఇప్పుడు చదివితే, పై చెయ్యిగా ఉండటంలో ఎంత సుఖం ఉందో కనిపిస్తోంది. రాజ్యం పోగొట్టుకున్నా తీరేంత సుఖం.

మా అమ్మమ్మ మహా ధర్మాత్మురాలని ఊళ్ళో పేరు. కోతలయ్యాక కళ్ళంలో మేర కొలిచేవారు. చాకలికి, మంగలికి, వడ్రంగికి, కుమ్మరికి ఏడాది పొడుగునా చేసిన పనికి గింజల రూపంలో ఇచ్చే వాటా అది. అది వాళ్ళ హక్కు. కాని అమ్మమ్మ నోట ఎప్పుడూ "పెట్టాం" అనే మాటే వినేదాన్ని. "ఇవ్వాల్సింది ఇచ్చాం" అనడం ఒక్కసారీ వినలేదు. పొలంలో పనిచేసిన మాలమాదిగ ఆడవాళ్ళు పండగనాడు పెరటి గుమ్మం దగ్గరకి గిన్నెలతో వచ్చేవాళ్ళు. అమ్మమ్మ గిన్నె అంచుకి గరిటె తగలకుండా ఎత్తునించి పులుసు పోసేది. "నీ కడుపు చల్లగుండ తల్లీ" అనేవాళ్ళు వాళ్ళు. అమ్మమ్మ మనసు నిండిపోయేది. అందులో ప్రేమ లేదనను. ప్రేమే అయితే అంత ఎత్తునించి పొయ్యక్కర్లేదని మాత్రం అంటాను. వాళ్ళు పండించిన ధాన్యం వాళ్ళకే పెట్టి, దానికి దీవెన కూడా పుచ్చుకున్నాం. నేను చదివిన ఎం.ఎస్సీ. చదువులో ఆ గింజలున్నాయి.

అయితే ఆ దీవెనలో ఇంకో సంగతి కూడా ఉంది. "నీ కడుపు చల్లగుండ" అన్నది థాంక్స్ కాదు. అన్నం పుచ్చుకున్న మనిషి తిరిగి ఏదో ఇస్తోంది. దీవించేవాళ్ళు ఎప్పుడూ పెద్దవాళ్ళే కదా. కింద చెయ్యి పెట్టిన మనిషి ఆ ఒక్క మాటతో ఒక్క క్షణం పైకి లేస్తోంది. అమ్మమ్మకి అది తెలియలేదు గాని వాళ్ళకి తెలిసే ఉంటుంది. మా పాంట్రీకి వచ్చే ఒక ముసలామె వేసవిలో తన పెరట్లో కాసిన సొరకాయల్లాంటి కాయలు తెచ్చి మా బల్లమీద పడేసి పోతుంది. ఒక్కమాట మాట్లాడదు. ఆమె దగ్గర పుచ్చుకోడానికి మా వాలంటీర్లు మొదట ఇబ్బంది పడ్డారు. ఇవ్వడం అలవాటైనవాళ్ళకి పుచ్చుకోవడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. కాబట్టి కృతజ్ఞతే తప్పని నేననడం లేదు. మనిషి తనంతట తనిచ్చే కృతజ్ఞత వేరు, చేతిలో ఆకూ పెన్నూ పెట్టి రాయించుకునే కృతజ్ఞత వేరు. మొదటిది సంబంధం. రెండోది రసీదు.

*

ఈ పండగ పుట్టిందే ఒక రసీదు కథమీద. 1621లో ప్లిమత్‌లో ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు మొదటి పంట చేతికొచ్చాక విందు చేసుకున్నారు. అక్కడివాళ్ళయిన వాంపనోగ్ ప్రజల నాయకుడు మసాసోయిట్ తొంభైమంది మగవాళ్ళతో వచ్చాడు. వాళ్ళు అయిదు జింకల్ని వేటాడి తెచ్చారు. విందు మూడురోజులు సాగింది. ఇదంతా ఎడ్వర్డ్ విన్‌స్లో అనే ఆయన రాసిన ఉత్తరంలో ఉంది. అందులో వంట చేసినవాళ్ళ ప్రస్తావన లేదు. అంతకుముందు చలికాలంలో వలసవాళ్ళు సగంమంది చనిపోయారు. పెళ్ళయిన ఆడవాళ్ళు నలుగురే మిగిలారు. ఆ నలుగురూ, కొందరు ఆడపిల్లలూ కలిసి నూటనలభైమంది చుట్టూ మూడురోజులు ఎంత చాకిరీ చేసి ఉంటారో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండు వందల ఏళ్ళ తర్వాత దీన్ని జాతీయ పండగ చేయించింది కూడా ఒక ఆడమనిషే. సారా జోసెఫా హేల్ అయిదుగురు పిల్లలతో వితంతువై, కలంమీద బతికి, ఆ రోజుల్లో పెద్ద స్త్రీల పత్రికకి సంపాదకురాలైంది. ఏళ్ళ తరబడి సంపాదకీయాలు రాసింది, అధ్యక్షుల్ని ఉత్తరాలతో వేధించింది. అంతర్యుద్ధం మధ్యలో, 1863లో, లింకన్ ఒప్పుకున్నాడు. ఆమే స్త్రీలకి ఓటుహక్కు వద్దంది. ఆడదాని రాజ్యం ఇల్లేనని నమ్మింది. ఇంటికి ఒక పండగ ఇచ్చి, ఆ పండగని ఆడవాళ్ళ చేతుల్లో పెట్టింది. ఆ చేతులు ఇప్పటికీ ఖాళీ కాలేదు.

ఇక జింకలు తెచ్చినవాళ్ళ సంగతి. ప్లిమత్ కట్టిందే పటుక్సెట్ అనే వాంపనోగ్ పల్లె ఉన్న చోట. బయటినుంచి వచ్చిన అంటురోగానికి ఆ పల్లె మొత్తం అంతకు కొన్నేళ్ళ ముందే ఖాళీ అయిపోయింది. విందు జరిగిన యాభై అయిదేళ్ళకి, 1676లో, మసాసోయిట్ కొడుకు మెటాకమ్‌ని యుద్ధంలో చంపి తల ప్లిమత్‌లో కొయ్యకి గుచ్చి నిలబెట్టారు. అదే ఏడాది వీటమూ అనే స్త్రీ నాయకురాలు నదిలో మునిగి చనిపోతే ఆమె తల టాంటన్‌లో అలాగే నిలబెట్టారు. బడిపిల్లలు మాత్రం కాగితపు ఈకలు పెట్టుకుని, సాయం చేసిన మంచి ఇండియన్లకి థాంక్స్ చెప్పే నాటకం వేస్తారు. మా పిల్లలూ వేశారు. ఈకలు కుట్టింది నేనే. థాంక్స్ చెప్పేశాం కాబట్టి భూమి సంగతి ఎత్తక్కర్లేదు.

1970లో ప్లిమత్ 350 ఏళ్ళ ఉత్సవంలో మాట్లాడమని ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ ఆయన్ని పిలిచారు. ఆయన రాసుకున్న ప్రసంగం ముందుగా చూసి, ఇలా కాదు, మార్చమన్నారు. ఆయన మార్చలేదు, ఉత్సవానికి వెళ్ళలేదు. ఆ థాంక్స్‌గివింగ్ నాడు మూలవాసులు అక్కడి కోల్స్ హిల్ మీద చేరి దాన్ని జాతీయ శోకదినం అన్నారు. అప్పటినుంచీ ఏటా చేరుతున్నారు. మా అమ్మాయి కాలేజీలో ఉండగా నన్నొకసారి బలవంతంగా తీసుకెళ్ళింది. పొయ్యి వదిలి వెళ్ళాల్సి వచ్చిందని దారంతా సణిగాను. అక్కడ మాట్లాడేది మూలవాసులే. మిగతావాళ్ళం చలిలో నిలబడి వినాలి. ఎవరూ మాకు థాంక్స్ చెప్పలేదు. వచ్చినందుకు మెచ్చుకోలేదు. తిరిగొస్తూ అమ్మాయి అంది, "అమ్మా, మనం ఇక్కడ కొన్న ఇల్లు ఎవరి నేలమీద ఉందో ఎప్పుడన్నా ఆలోచించావా?" వలస వచ్చినవాళ్ళం, మనమేం చేశాం అన్నాను. అన్నాక నాకే అమ్మమ్మ గొంతు వినిపించింది.

*

2025 నవంబరు 27, గురువారం. పొద్దుట్నించి మామూలుగానే ఉంది. ఈ కాలంలోనే పచ్చివి దొరికే క్రాన్‌బెర్రీలతో పప్పు, పచ్చడి. గోంగూర లేని లోటు తీర్చే పులుపు అది. బిరియానీ, పిల్లల కోసం చిన్న టర్కీ. మావారు, అత్తగారు, ఇద్దరు పిల్లలు, రెండు తెలుగు కుటుంబాలు, ఇండియాకి వెళ్ళలేని ఒక స్టూడెంటమ్మాయి. తంతు మొదలయ్యే వేళకి నేనూ వచ్చి కూర్చున్నాను. "అప్పడాలో?" అన్నారు అత్తగారు. అబ్బాయి లేచి వెళ్ళి వేయించాడు. సగం మాడ్చాడు.

నా వంతు వచ్చింది. "2002లో నాలుగు నెలలు మనం చర్చిలో ఇచ్చిన తిండి తిన్నాం. అక్క తాగిన పాలు అవే. నేను చీటీలు గీకేసి డబ్బాలు షెల్ఫులో పెట్టేదాన్ని" అన్నాను. ఇంకేదో చెప్పాలనుకున్నాను గాని రాలేదు.

బల్లదగ్గర ఎవరూ కదల్లేదు. మావారు కంచంలోకి చూస్తున్నారు. అత్తగారు కొడుకు వైపు తిరిగి, "అంత కష్టమొస్తే మాకొక ఫోనన్నా చెయ్యలేదేంరా?" అన్నారు. ఆమె గొంతులో కోపమో ఏడుపో తెలియలేదు. వచ్చినవాళ్ళలో ఒకాయన, పాపం, మాట మార్చడానికి ఫుట్‌బాల్ ఆట ఎత్తబోయారు. అప్పుడు మావారన్నారు, "నేను కార్లో కూర్చునేవాణ్ణి. లోపలికెళ్ళింది తనే."

అది థాంక్స్ కాదు. క్షమాపణ కూడా కాదు. ఇరవై మూడేళ్ళు రాయని లెక్కలో ఒక పద్దు రాశారంతే. నాకది చాలనిపించింది. ఇన్నేళ్ళ "అమ్మ వంటకి" కన్నా బరువైన మాట అది.

భోజనాలయ్యాక వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే ఆ స్టూడెంటమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. కుళాయి చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా, "ఆంటీ, ఆ చర్చి ఏ వీధిలో ఉంది?" అంది. చదువుకోడానికి వచ్చిన పిల్లలకి స్నాప్ వర్తించదు. ఆమె ఆ సంవత్సరంలో మా ఇంటికి నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ కడుపునిండా పెట్టి పంపాను. ప్రతిసారీ థాంక్స్ ఆంటీ అంది. మిగతా రోజులు ఏం తింటోందో నేనడగలేదు. అడిగినా చెప్పేది కాదు. మా బల్లమీద ఆ మాట చెప్పగలిగిన మనిషి ఇంకొకరుంటారని ఆమెకి తెలియదు కదా.

అప్పుడర్థమైంది, నేను బాకీ ఉన్నది ఏమిటో. శనివారాల పని కాదు, సరుకుల డబ్బాలు కాదు. అవి ఎవరైనా ఇవ్వగలరు. నేను మాత్రమే ఇవ్వగలిగింది, ఇన్నేళ్ళు దాచుకున్నది, "నేనూ ఆ వరసలో నిలబడ్డాను" అన్న ఒక్క మాట. ఉన్ని టోపీ అమ్మాయి నన్ను చూసి మొహం తిప్పుకుంది నా పేరు తెలుగుది కావడంవల్లనే. మనవాళ్ళ ముందే మనకి సిగ్గు. ఆ సిగ్గు తయారుచేసినవాళ్ళలో చీటీలు గీకిన నా గోళ్ళూ ఉన్నాయి. పాంట్రీలో ఆమెతో తెలుగులో మాట్లాడాలా వద్దా అని మథనపడ్డాను. మాట్లాడాల్సింది అక్కడ కాదు, మా తెలుగువాళ్ళ మధ్య, మా భోజనాల బల్లమీద.

ఆ రాత్రి అంట్లు సగం నేనే తోమాను. ఒక్క పండగతో అన్నీ మారవు.

*

డిసెంబరులో పాంట్రీ మీటింగులో చెట్టు తీసేద్దామన్నాను. అంత సులువుగా తెగలేదు. ఆకుల ఫొటోలు చూసి దాతలు ఇంకాస్త ఇస్తారు, ఆ డబ్బుతో గుడ్లొస్తాయి, పాలొస్తాయి అన్నారు. అబద్ధం కాదు. ఒక మనిషి గౌరవం ఎన్ని గుడ్లకి సమానం అని నేను అడగలేకపోయాను. గుడ్లు కావాల్సినవాళ్ళు వరసలో ఉన్నారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆకూ పెన్నూ ఎవరి చేతికీ ఇవ్వం. గోడదగ్గర పెడతాం. రాయాలనుకున్నవాళ్ళు, వాలంటీర్లయినా, దాతలయినా, సరుకులు తీసుకునేవాళ్ళయినా, ఏదైనా రాయొచ్చు. ఫొటోలు తియ్యం.

రెండు వారాలు చెట్టు దాదాపు బోడిగా ఉంది. చూడ్డానికి బాగాలేదన్నారు మా పెద్దావిడ. మూడో శనివారం ఒక ఆకు కనిపించింది. "డైపర్లు సైజు 4 కావాలి. ఎప్పుడూ ఉండవు" అని ఇంగ్లీషులో రాసి ఉంది. కింద పేరు లేదు, థాంక్స్ లేదు. డైపర్లకి స్నాప్ డబ్బు పనికిరాదు. మేమూ ఎప్పుడూ తెప్పించలేదు. ఎవరూ అడగలేదు కదా అనుకున్నాం.

ఆ చేతిరాత ఎవరిదో పోల్చుకోడానికి నేను ప్రయత్నించలేదు. సైజు రాసుకుని కారెక్కాను.